హోదాకు తగ్గ టర్బో

మా నాగులవరం పురపాలక కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు కుర్చీకి చేతులుండవు. సీనియర్ అసిస్టెంటు కుర్చీకి ఉంటాయి. మేనేజరు కుర్చీకి చేతులతోపాటు వీపున తెల్ల తువ్వాలు వేలాడుతుంది. కమిషనరుగారి కుర్చీకి ఇవన్నీ ఉండటమే కాక అది గుండ్రంగా తిరుగుతుంది కూడా. నాకు చేతులొచ్చి పదహారేళ్ళయింది. ఆ రోజు మా ఆవిడ పాయసం వండి వీధంతా పంచింది.

ఈ కుర్చీల గొడవ ముందే ఎందుకు చెబుతున్నానంటే, టర్బో విషయంలో మా ఆఫీసు చేసిన పనిని ఊళ్ళో కొందరు పిచ్చిపని అన్నారు. మా ఆఫీసులో పిచ్చిపనులు జరగవు. మేం చేసే ప్రతి పనికీ ఒక ఉత్తర్వు ఉంటుంది, దానికి నంబరుంటుంది, తేదీ ఉంటుంది. ఈ ఉత్తర్వు చిత్తుప్రతి రాసింది స్వయంగా నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

ముందు కారు సంగతి. నేలను రాసుకుంటూ పోయేంత పొట్టిగా, ఎర్రగా, పందేల కోసం పుట్టినట్టుండే ఆ కారును ఎవరో మా ట్రావెలర్స్ బంగళా ముందు వదిలేసి మళ్ళీ రాలేదు. రెండేళ్ళు దాని మీద కాకులు కాపురం చేశాక, దిక్కులేని ఆస్తి కింద పురపాలక సంఘం స్వాధీనం చేసుకుంది. మూడుసార్లు వేలం వేస్తే ఒక్కడూ పాట పాడలేదు. మా ఊళ్ళో స్పీడుబ్రేకర్ల ఎత్తు తెలిసినవాడెవడూ పాడడు. చివరికి దాన్ని ఆరోగ్య విభాగానికి ఇచ్చి, రక్తం మోయడానికి పెట్టారు.

రక్తనిధి పాత బస్టాండు దగ్గర, మా ఆఫీసు పక్కనే ఉంది. కాన్పుల ఆసుపత్రి రైలుగేటు అవతల ఉంది. మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు. ఆ నాలుగింటిలో పదకొండు స్పీడుబ్రేకర్లు, ఒక కూరగాయల బజారు, గేదెలు ఎప్పుడు పడితే అప్పుడు అడ్డం వచ్చే ఒక మలుపు ఉన్నాయి. కాన్పులో రక్తం ఆగక తల్లి ప్రాణం మీదికొస్తే ఆసుపత్రి నుంచి ఫోను వస్తుంది. అంబులెన్సుకు పాతిక నిమిషాలు పట్టే ఆ దారిలో ఎర్ర కారు ఎనిమిది నిమిషాల్లో వెళ్ళేది. ఆ ఘనత సగం కారుది, సగం దాని డ్రైవరు పరంజ్యోతిది.

పరంజ్యోతి పదకొండేళ్ళుగా కాంట్రాక్టు డ్రైవరు. అంటే ఏటా మార్చి ముప్పై ఒకటిన అతని ఉద్యోగం చచ్చిపోతుంది, ఏప్రిల్ రెండున మళ్ళీ పుడుతుంది. మధ్యలో ఒక రోజు అతను ఎవరూ కాడు. ఆ రోజు కూడా వచ్చి కారు తుడిచి వెళ్ళేవాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. ప్రతి సోమవారం నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, నా పర్మనెంటు ఫైలు కదిలిందా?" అని అడిగేవాడు. "కదుల్తుందయ్యా," అనేవాణ్ణి నేను. ఇద్దరికీ అది నమస్కారం ప్రతినమస్కారం లాగా అలవాటైపోయింది.

ఒకరోజు సోమవారం కాకపోయినా వచ్చాడు.

"సార్, బండి నీలం పొగ కక్కుతుంది. కాలేషాకి చూపిస్తే టర్బో పోయిందంటన్నాడు. ఇంకో నెల కంటే లాగదంట."

పురపాలక వస్తువు పాడైతే పాడైందని ఒక అధికారి కంటితో చూడాలని నిబంధన. అందుకని నేను ఆటోనగర్ వెళ్ళాను. మెకానిక్కు కాలేషా గోనెపట్టా పరిచి దాని మీద మూడు టర్బోలు పెట్టాడు. అన్నీ నత్తగుల్లల్లా మెలి తిరిగి ఉన్నాయి. ఒకటి వెలగకాయంత, ఒకటి కొబ్బరికాయంత, ఇంకొకటి గుమ్మడికాయంత.

"ఇంజను వదిలే పొగ ఉంది చూడండి సార్, అది పోతాపోతా ఈ చక్రాన్ని తిప్పుద్ది," అన్నాడు కాలేషా వేలు లోపల పెట్టి తిప్పి చూపిస్తూ. "ఇది తిరిగితే అవతల చక్రం తిరిగి ఇంజన్లోకి గాలి కొడద్ది. గాలి బాగా అందితే పెట్రోలు బాగా మండుద్ది, బండి లేస్తది. అంతే కథ."

"అయితే గుమ్మడికాయే పెట్టు. ఎక్కువ గాలి కొడుతుంది కదా," అన్నాను.

కాలేషా పరంజ్యోతి వైపు చూశాడు. పరంజ్యోతి నేల వైపు చూశాడు.

"సార్, మీ ఇంట్లో పొయ్యి ఊదే గొట్టం ఎంత లావుంటది?"

"బొటనవేలంత."

"దాని బదులు డ్రైనేజీ పైపు తెచ్చిచ్చి, దీంతో ఊదమని అమ్మగారికి చెప్తే ఏం చేస్తది?"

"నన్నే ఊదమంటుంది."

"ఊదినా నిప్పు అంటుకోదు సార్. ఇదీ అంతే. పెద్ద చక్రం తిరగాలంటే పొగ దండిగా రావాల. దండిగా రావాలంటే ఇంజను నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరగాల. మన ఊళ్ళో బండి మూడో గేరులో పడేలోపే స్పీడుబ్రేకరొస్తది, మళ్ళా మొదటికి. గాలి వచ్చే టయానికి రోడ్డు అయిపోద్ది. వెలగకాయ అయితే రెండు వేల చుట్లకే అందుకునిద్ది. ఉన్నదానికంటే ఒక్క నంబరు పెద్దది, బేరింగులు గట్టియ్యి. పందెం బండికి, హైవే బండికి గుమ్మడికాయ. వీధుల్లో తిరిగే బండికి ఇదే."

నాకు బాగా అర్థమైంది. ఆఫీసుకొచ్చి ఆ అర్థమైనదంతా ఆఫీసు భాషలో రాసేసరికి నాకే అర్థం కాకుండా పోయింది. అయినా ఫైలు పైకి పంపాను.

మూడో రోజు కమిషనరు త్రయంబకంగారు నన్ను పిలిచారు. ఆయన మంచి మనిషే. ఎవరినీ తిట్టరు, లంచం ముట్టరు. కాకపోతే కమిషనరయిన రోజు నుంచి ఆయన మామూలు తెలుగు మాట్లాడటం మానేశారు. ఇంట్లో పప్పు కావాలన్నా "పప్పు అవసరమైయున్నది" అంటారని వాళ్ళ వంటమనిషి చెప్పింది.

"గిరిజాపతిగారూ, ప్రతిపాదిత టర్బో యొక్క మూతి వ్యాసమెంత?"

"ఐదు సెంటీమీటర్లండి."

"ప్రస్తుతము మా వాహనమునకు గల టర్బో వ్యాసమెంత?"

ఆయన డీజిల్ జీపుకు కూడా ఒక టర్బో ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. దర్జీ దగ్గర టేపు తెప్పించి, బానెట్ ఎత్తి కొలిపించాం. నాలుగు సెంటీమీటర్లు తేలింది. ఆ అంకె విని మేనేజరుగారు తన తువ్వాలు సర్దుకున్నారు.

"రక్తపు ప్యాకెట్లు మోయు వాహనమునకు ఐదు, కమిషనరును మోయు వాహనమునకు నాలుగు!" అన్నారు త్రయంబకంగారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "ఇది వ్యక్తిగత విషయము కాదు. పదవి యొక్క గౌరవమునకు సంబంధించినది. పరిశీలించవలసియున్నది."

పరిశీలించాం. నేనే కూర్చుని 'పురపాలక వాహనముల హోదా నిర్ణయ ఉత్తర్వు' రాశాను. అబద్ధమెందుకు, రాస్తుంటే ముచ్చటేసింది. అంత చక్కగా వచ్చిన ఉత్తర్వు నా సర్వీసులో మరొకటి లేదు. కమిషనరుకూ చైర్‌పర్సన్ సుభాషిణమ్మగారికీ మొదటి శ్రేణి, అంటే గుమ్మడికాయ. ప్రజలు ఎన్నుకున్న మనిషి కాబట్టి సుభాషిణమ్మగారిది అర సెంటీమీటరు ఎక్కువ. ఇంజనీరుకూ రెవెన్యూ అధికారికీ రెండో శ్రేణి, కొబ్బరికాయ. ఎర్ర కారులో అధికారి ఎవరూ ప్రయాణించరు, రక్తం ప్రయాణిస్తుంది. రక్తానికి హోదా లేదు కాబట్టి దానికి ఆఖరి శ్రేణి, వెలగకాయ.

చివర్లో ఇంకో నిబంధన కలిపాను. వాహనం హోదాయే దాని చోదకుడి హోదా. మొదటి శ్రేణి వాహనం నడిపే కాంట్రాక్టు డ్రైవరు ఆ క్షణం నుంచి పర్మనెంటు. కమిషనరుగారి డ్రైవరు రెండేళ్ళ కిందట చేరిన కుర్రవాడు, ఆ దెబ్బతో పర్మనెంటు అయిపోయాడు.

సంగతి విని పరంజ్యోతి తల ఊపాడు. "పోన్లెండి సార్. వెలగకాయ వచ్చిందిగా," అన్నాడు. ఆ సోమవారం మాత్రం ఫైలు కదిలిందా అని అడగలేదు.

కమిషనరుగారి జీపులో గుమ్మడికాయ పట్టలేదు. బానెట్‌కు కన్నం చేసి, పైన గూనిలాగా రేకు అతికించాల్సి వచ్చింది. ఆ గూని ఎంత ఎత్తుంటే అంత హోదా అని వారం తిరక్కుండానే ఊళ్ళో జనం కూడా నమ్మేశారు. కాలేషా మాత్రం "తర్వాత నన్నేమీ అనగూడదు" అని నాచేత కాగితం మీద రాయించుకుని మరీ బిగించాడు.

ఆ తర్వాత మా ఊరి వీధులు చూసి తీరాల్సిందే. కొత్త టర్బోలు బిగించిన బళ్ళు ఆవులిస్తూ కదిలేవి. ఎంత తొక్కినా ఒక్క అడుగు ఎక్కువ పడేది కాదు. అంతలో స్పీడుబ్రేకరు వచ్చేది, మళ్ళీ మొదటి నుంచి మొదలు. వెనకబడిపోయిన ఇంజనీరుగారు రెండో శ్రేణిలోనే తనకింకా రెండు సెంటీమీటర్లు పెంచమని అర్జీ పెట్టుకున్నారు. పెంచాం. ఇంకా వెనకబడ్డారు. మళ్ళీ అర్జీ పెట్టుకున్నారు.

గుమ్మడికాయకు గాలి అందని రోజే లేదనడం అన్యాయం. పిల్లల పార్కు ప్రారంభోత్సవం నాడు అందింది. బైపాసు మీదుగా వస్తే పరువుగా ఉంటుందని కమిషనరుగారు అటు నుంచి వచ్చారు. అక్కడ స్పీడుబ్రేకర్లు లేవు. రెండు కిలోమీటర్లు నిద్రపోయిన జీపు పార్కు గేటు ఇంకో వంద గజాలుందనగా ఒక్కసారిగా మేలుకుంది. ఈల వేసుకుంటూ వచ్చి, కట్టిన రిబ్బను మూతికి తగిలించుకుని, కత్తెర పళ్ళెం పట్టుకున్న మేనేజరుగారి పక్కనుంచి దూసుకుపోయి, చివరికి సిమెంటు ఏనుగు దగ్గర ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కత్తెరతో పనిలేకుండా ప్రారంభమైన పార్కు మా జిల్లాలో అదొక్కటే.

వెలగకాయ పెట్టిన ఎర్ర కారు మాత్రం ఏడున్నర నిమిషాల్లో వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడే చిక్కొచ్చింది. రక్తం తీసుకెళుతూ అది ఒకరోజు సుభాషిణమ్మగారి కారును దాటేసింది. మర్నాడు ఆమె కమిషనరుగారి గదిలోకి వచ్చారు.

"ఏందండీ ఈ అన్యాయం? పదమూడు సెంటీమీటర్ల దాన్ని ఐదు సెంటీమీటర్లది దాటిపోద్దా? బజార్లో అందరూ చూస్తన్నారు. నాకు ఓట్లేసినోళ్ళ మొహం ఎట్టా చూడాల నేను?"

సాయంత్రానికి సర్క్యులరు వెలువడింది. తక్కువ వ్యాసము గల వాహనము ఎక్కువ వ్యాసము గల వాహనమును ఎట్టి పరిస్థితులయందును అధిగమించరాదు. దాన్ని కూడా నేనే రాశాను. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఆ మాట ఇప్పుడు చెప్పడానికి కష్టంగానే ఉంది.

మరుసటి బుధవారం మిట్టమధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పరంజ్యోతి బయల్దేరి కూరగాయల బజారు దాటేసరికి ముందు ఇంజనీరుగారి కారు, దాని ముందు కమిషనరుగారి జీపు. రెండూ ఊరేగింపులాగా పోతున్నాయి. దాటితే ఉద్యోగం పోతుంది, దాటకపోతే ఏం పోతుందో అతనికి బాగా తెలుసు. రెండో స్పీడుబ్రేకరు దాకా ఓర్చుకుని, ఒక్కసారిగా చేపల మార్కెట్ సందులోకి తిప్పేశాడు. మంచు నీళ్ళలోంచి, బుట్టల మధ్యలోంచి తీసుకెళ్ళినా పంతొమ్మిది నిమిషాలు పట్టింది. తల్లి బతికింది. డాక్టరమ్మ పెట్టె అందుకుని, గడియారం వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ సంగతి నాకు చెబుతూ పరంజ్యోతి తన చేతుల వైపే చూసుకున్నాడు.

అప్పటి నుంచి అతను సందులే వెతుక్కున్నాడు. చేపల మార్కెట్, సాలెవీధి వెనక కాలువగట్టు, రైస్‌మిల్లు పక్క డొంక. గూని అడ్డొచ్చి ముందు దారి కనిపించని హోదా బళ్ళు ఆ సందుల్లోకి రావు కాబట్టి దాటే ప్రశ్నే రాదు. పది రోజుల్లో తొమ్మిది నిమిషాలకు దించాడు. సర్క్యులరులో సందుల ప్రస్తావన లేదు. నేను మర్చిపోయాను. ఎవరైనా అడిగితే మర్చిపోయాననే చెబుదామనుకున్నాను.

ఇంతలో రాజధాని నుంచి ముఖ్య కార్యదర్శిగారు వస్తున్నారు, పదకొండు గంటలకు రైలుగేటు అవతల అతిథిగృహంలో సమీక్ష అని కబురొచ్చింది. కమిషనరుగారు పదింటికే బయల్దేరారు. పదీ నలభైకి ఆయన జీపు కూరగాయల బజారు దగ్గర ఉంది. అప్పుడే రక్తపు పెట్టెతో చేపల మార్కెట్ సందులోకి తిరగబోతున్న ఎర్ర కారు ఆయన కంటబడింది. ఆయన దిగారు, పరుగెత్తారు, తలుపు తీసి ఎక్కేశారు. ఆయన పరుగెత్తడం చూసిన వంకాయల అమ్మి ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటుంది.

మిగతాది నాకు పరంజ్యోతి చెప్పింది. మంచు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కమిషనరుగారు మొదటి మలుపు దగ్గర "నిదానముగా" అన్నారు. రెండో మలుపు దగ్గర "బాబూ" అన్నారు. మూడో మలుపు దగ్గర "ఓర్నాయనో, చంపేస్తావురా" అన్నారు. మామూలు తెలుగు ఆయన మర్చిపోలేదని అప్పుడు తెలిసింది. ముందు ఆసుపత్రి దగ్గర ఆపి పెట్టె అందించి, తర్వాత అతిథిగృహానికి తీసుకెళ్ళాడు. ముఖ్య కార్యదర్శిగారి కన్నా రెండు నిమిషాల ముందు చేరారు. "మీ జిల్లాలో సమయానికి వచ్చిన అధికారి మీరొక్కరే" అని ఆయన పదిమందిలో మెచ్చుకున్నారట.

త్రయంబకంగారు కృతజ్ఞత తెలిసిన మనిషి. మర్నాడు నన్ను పిలిచినప్పుడు ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"గిరిజాపతిగారూ, ఇంతటి వాహనము ఆఖరి శ్రేణిలో మగ్గుచుండుట మన సంస్థకు తలవంపులు. దానికి మొదటి శ్రేణి పదోన్నతి కల్పించవలెను. మా దానికంటె పావు సెంటీమీటరు తక్కువగా గుమ్మడికాయ అమర్చవలెను. చోదకుడు తత్క్షణము పర్మనెంటు కాగలడు. సోమవారము సభ ఏర్పాటు చేయుడు."

నేను పరుగులాంటి నడకతో షెడ్డుకు వెళ్ళి చెప్పాను. పరంజ్యోతి నీళ్ళ బకెట్టు కింద పెట్టి, పిట్టగోడ మీద కూలబడ్డాడు. చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. పెళ్ళానికి ఫోను చేసి, "సలోమీ, అయిందే," అని ఒక్క మాట అని పెట్టేశాడు. పదకొండేళ్ళలో అతను నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

ఆ నవ్వు కాసేపే ఉంది.

"సార్, మరి బండికి ఏం పెడతారు?"

"గుమ్మడికాయ."

"అదెందుకు సార్?"

"హోదాతోపాటు వస్తుంది."

ఇద్దరం కమిషనరుగారి దగ్గరికి వెళ్ళాం. "అయ్యా, నన్ను పర్మనెంటు చెయ్యండి, చచ్చి మీ కడుపున పుడతా. బండిని మాత్రం ఇట్టాగే ఉంచండి," అన్నాడు పరంజ్యోతి చేతులు కట్టుకుని.

"అదెట్లు సాధ్యము? హోదా విడదీయరానిది. చేతుల కుర్చీకి అర్హుడైనవాడు చేతులు లేని కుర్చీయందు కూర్చొనగలడా? గిరిజాపతిగారిని అడుగుము."

నేను కూర్చోలేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

చూపిస్తే అయినా అర్థమవుతుందని కాలేషా శనివారం, సాయంత్రానికి తీసేసి మళ్ళీ వెలగకాయ పెట్టేట్టు, ఉత్తినే గుమ్మడికాయ బిగించాడు. రక్తం లేకుండా, ఖాళీ పెట్టెతో పరంజ్యోతి అదే దారిలో నడిపాడు. గూని అడ్డొచ్చి సందుల్లో ముందు దారి కనిపించదు కాబట్టి పెద్ద రోడ్డు మీదే వెళ్ళాల్సి వచ్చింది. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఆ అంకెను ఎర్ర సిరాతో రాసి, కింద గీత గీసి, కమిషనరుగారి ముందు పెట్టాను. ఆయన చదివి తృప్తిగా తల పంకించారు.

"హుందాగా ప్రయాణించినది," అన్నారు.

ఇరవై ఏడేళ్ళుగా నిబంధనల పుస్తకం నాకు కంఠతా వచ్చు. దాన్ని ఎవరికైనా అడ్డం పెట్టడానికే వాడాను తప్ప, ఒక్కడికి దారి చూపడానికి ఎన్నడూ తెరవలేదు. ఆ ఆదివారం తెరిచాను. సాయంత్రానికి దొరికింది. పదోన్నతి పొందినవారు దాన్ని వదులుకోవచ్చు. లిఖితపూర్వకంగా, కారణం తెలిపి, సంతకం చేయాలి. ఒకసారి వదులుకుంటే జన్మలో మళ్ళీ పరిశీలించరు. వాహనం హోదాయే చోదకుడి హోదా అని నేనే రాసి పెట్టాను కనుక, కారు వదులుకుంటే అతనూ వదులుకున్నట్టే.

పరంజ్యోతికి అంతా విడమరచి చెప్పాను. ఏదీ దాచలేదు. "బాగా ఆలోచించుకో. ఇంక నువ్వు ఏ సోమవారం నా దగ్గరికి రానక్కర్లేదు. వచ్చినా నేను చెయ్యగలిగిందేమీ ఉండదు," అన్నాను. అతను సలోమిని అడిగి చెబుతానన్నాడు.

సోమవారం పొద్దున్నే వచ్చాడు.

"ఏమంది?"

"శానాసేపు ఏడ్సింది సార్. ఇల్లు కట్టుకుందామనుకుంటన్నాం కదా. తర్వాత లేచి మొహం కడుక్కుని, మన పిల్లలిద్దరూ ఆ ఆసుపత్రిలోనే పుట్టారుగా, పోయి సంతకం పెట్టి రా అంది."

అయితే పదోన్నతి కారుది కాబట్టి ముందు కారు సంతకం చేయాలి. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు. వేలు లేనివారి గురించి పుస్తకంలో లేదు. టైరు ముద్ర సరిపోతుందని మేనేజరుగారు ఒప్పుకున్నారు. కానీ మగవారికి ఎడమ బొటనవేలు, ఆడవారికి కుడి బొటనవేలు అని ఆనవాయితీ కదా, కారును ఎవరి కింద లెక్కవేయాలి? ఈ మీమాంసతో గంట గడిచింది. కాలేషా విసిగిపోయి, "నాలుగూ తీసుకోండయ్యా, పోద్ది," అన్నాడు. ఆఫీసులోని సిరా అంతా గుమ్మరించి, చాపంత కాగితం పరిచి, నాలుగు టైర్ల ముద్రలూ తీసుకున్నాం. కింద పరంజ్యోతి సాక్షిగా ఒక సంతకం, తన తరఫున ఒక సంతకం పెట్టాడు. రెండో సంతకం దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

ఇక కారణం రాయాల్సిన గడి ఒక్కటే మిగిలింది. "ఏమని రాయమంటావయ్యా?" అని అడిగాను. అతను జవాబు చెప్పబోయేంతలో బల్ల మీద ఫోను మోగింది. కాన్పుల ఆసుపత్రి. పరంజ్యోతి అప్పటికే తాళాలు చేతిలోకి తీసుకుని గుమ్మం దాటుతున్నాడు.

"కారణం చెప్పి పోవయ్యా!" అని అరిచాను.

"నిదానంగా పోవటం నాకు చేతకాదని రాయండి సార్!" అన్నాడు మెట్ల మీంచి.

టైర్లకు ఇంకా సిరా ఆరలేదు. గేటు దాటి చేపల మార్కెట్ సందు దాకా నీలంగా చారలు పడ్డాయి. నేను గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదో నిమిషంలో ఆసుపత్రి నుంచి అందిందని ఫోనొచ్చింది. అప్పుడు కలం తీసి, 'నిదానముగా పోవుట చేతకానందున' అని గడి నింపి, ఆ సాయంత్రపు సభ వాయిదా వేయించి, ఫైలు పైకి పంపాను.

నాలుగో రోజు అది కమిషనరుగారి ఆకుపచ్చ సిరాతో తిరిగొచ్చింది.

"చోదకుడు తెలిపిన కారణము సమంజసముగా నున్నది. పర్మనెంటు ఉద్యోగమునకు ఇతడు ఎంతమాత్రము తగడని దీనివలన స్పష్టమగుచున్నది. ఆమోదించడమైనది."